బంగ్లాదేశ్ తొలి ప్రధాని తాజుద్దీన్: థియేటర్ రోడ్ నుంచి ఢాకా జైలు దాకా

1975వ సంవత్సరం బంగ్లాదేశ్‌ను మూడుసార్లు కుదిపివేసింది. జనవరిలో పార్లమెంటరీ వ్యవస్థ రద్దయి ఏకపార్టీ పాలన వచ్చింది. ఆగస్టులో జాతిపిత షేక్ ముజిబుర్ రహ్మాన్ సకుటుంబంగా హత్యకు గురయ్యారు. నవంబర్ మొదటి వారంలో ఐదు రోజుల వ్యవధిలో రెండు సైనిక తిరుగుబాట్లు జరిగాయి. ఈ మూడింటిలోనూ పాత్ర లేకుండానే, మూడింటి పర్యవసానాన్నీ అనుభవించి ప్రాణం కోల్పోయిన నాయకుడు ఒకరున్నారు. ఆయనే తాజుద్దీన్ అహ్మద్. 1971 విమోచన యుద్ధాన్ని తొమ్మిది నెలలపాటు కలకత్తా నుంచి నడిపించిన ప్రధానమంత్రి ఆయన. నాలుగేళ్ళు తిరగకముందే తాను విముక్తం చేసిన రాజధానిలోని కేంద్ర కారాగారంలో, తన దేశ సైనికుల తుపాకులకే ఆయన బలయ్యారు.

మన పాఠకులలో ముజిబుర్ రహ్మాన్ పేరు తెలియనివారు ఉండరు. తాజుద్దీన్ పేరు విన్నవారు తక్కువ. యుద్ధం జరిగినంత కాలం ముజీబ్ పశ్చిమ పాకిస్తాన్‌లో బందీగా ఉన్నారు. అయినా వార్తలలోను, నినాదాలలోను వినిపించింది ఆయన పేరే. అలా వినిపించాలని పట్టుబట్టినవారిలో మొదటివారు తాజుద్దీనే కావటం గమనార్హం.

కపాసియా నుంచి కార్యదర్శి పదవికి

ఢాకాకు ఉత్తరాన కపాసియా ప్రాంతంలోని దర్దరియా గ్రామంలో 1925 జూలై 23న తాజుద్దీన్ జన్మించారు. మధ్యతరగతి ముస్లిం కుటుంబం. చిన్ననాడు ఖురాన్ చదువుతో ప్రారంభమైన విద్య ఢాకాలోని క్రైస్తవ మిషనరీ పాఠశాల మీదుగా ఢాకా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం దాకా సాగింది. 1944లో మెట్రిక్యులేషన్‌లో కలకత్తా విశ్వవిద్యాలయ పరిధి మొత్తంలో పన్నెండవ స్థానం పొందారు. న్యాయశాస్త్ర పట్టా మాత్రం రాజకీయ ఖైదీగా ఉండగానే పరీక్షలు రాసి సంపాదించుకోవలసి వచ్చింది.

దేశ విభజనకు ముందు ఆయన ముస్లిం లీగ్ కార్యకర్త. అయితే బెంగాల్ లీగ్‌లో నవాబుల వర్గానికి వ్యతిరేకంగా నిలిచిన అబుల్ హషీం అనుచర గణంలోనివారు. పాకిస్తాన్ ఏర్పడిన కొద్ది నెలలకే ఉర్దూ ఏకైక జాతీయ భాష కాగలదన్న ప్రకటన వెలువడటంతో తూర్పు బెంగాల్ యువతలో ఆశాభంగం మొదలయింది. 1948, 1952 భాషోద్యమాలలో తాజుద్దీన్ పాల్గొన్నారు. ఆ కాలంలో ఆయన క్రమం తప్పకుండా దినచర్య రాసుకునేవారు. ఎవరిని కలిసినదీ, ఏ సమావేశం ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు ముగిసినదీ, ఆ రోజు ఎండ కాసిందా, వాన కురిసిందా అన్న సంగతుల వరకు అందులో నమోదు చేశారు. ఆవేశాలు, వ్యక్తిగత వేదనలు దాదాపు కనిపించవు. భాషోద్యమ చరిత్రకారులకు తరువాతి కాలంలో ఆ డైరీలు ముఖ్య ఆధారాలయ్యాయి.

1954 ఎన్నికలలో ఐక్య సంఘటన అభ్యర్థిగా, అధికార ముస్లిం లీగ్ ప్రాంతీయ ప్రధాన కార్యదర్శినే ఆయన ఓడించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళు. 1959లో సయ్యదా జోహ్రాతో వివాహమయింది. అప్పటికే జనరల్ అయూబ్‌ఖాన్ సైనిక పాలన వచ్చి రాజకీయ పక్షాలన్నీ నిషేధానికి గురయ్యాయి. ఆ తరువాతి దశాబ్దంలో అరెస్టులు, విడుదలలు మామూలయ్యాయి.

1966 ఫిబ్రవరిలో లాహోర్‌లో ముజీబ్ ఆరు సూత్రాల కార్యక్రమాన్ని ప్రకటించారు. రక్షణ, విదేశాంగ వ్యవహారాలు తప్ప మిగిలిన అధికారాలన్నీ రాష్ట్రాలకే ఉండాలన్నది దాని సారాంశం. రెండు ప్రాంతాలకు వేర్వేరు ద్రవ్య విధానం, పన్నుల అధికారం, విదేశీ మారక ద్రవ్యంపై వేర్వేరు ఖాతాలు కావాలన్న కోర్కెలు అందులో ఉన్నాయి. తూర్పు బెంగాల్ జనపనార ఎగుమతుల ద్వారా వచ్చే డాలర్లు పశ్చిమ పాకిస్తాన్ పరిశ్రమలకు తరలిపోతున్నాయన్న ఆర్థిక ఫిర్యాదు దీనికి మూలం. జనాన్ని కదిలించగల వక్త ముజీబ్ అయితే, అంకెలతో, అధికరణాలతో వాదాన్ని సమకూర్చే పని తాజుద్దీన్‌ది. ఆ ఏడాదే ఆయన అవామీ లీగ్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. మే 8న అరెస్టయి, 1969 ఫిబ్రవరిలో ప్రజాందోళన అయూబ్‌ఖాన్‌ను లొంగదీసేవరకు జైలులోనే ఉన్నారు. 1971 మార్చి చర్చలలో ముజీబ్ భావోద్వేగాలను ఎదుర్కొనగలమని, ఆయన పక్కన ఫైలు పట్టుకుని కూర్చున్న చిన్నపాటి మనిషితోనే చిక్కు అని జుల్ఫికర్ అలీ భుట్టో తన సహచరుల వద్ద అభిప్రాయపడినట్లు చెబుతారు.

మార్చి 25 రాత్రి

1970 డిసెంబర్ ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగ్ గెలుచుకున్నది. మహిళా స్థానాలతో కలిపి 313 మంది సభ్యుల జాతీయ అసెంబ్లీలో 167 స్థానాలతో సంపూర్ణ ఆధిక్యం వచ్చింది. అయినా అధ్యక్షుడు యాహ్యాఖాన్ అసెంబ్లీ సమావేశాన్ని వాయిదా వేయటంతో 1971 మార్చి 1 నుంచి సహాయ నిరాకరణ ప్రారంభమయింది. ఆ మూడు వారాలపాటు తూర్పు పాకిస్తాన్‌లో బ్యాంకులు ఏ వేళలలో పనిచేయాలి, ఏ చెల్లింపులు జరపాలి, రైళ్ళు ఏవి నడపాలి అన్నది అవామీ లీగ్ ఆదేశాల ప్రకారమే జరిగింది. ఆ ఆదేశాల రూపకర్తలలో తాజుద్దీన్ ప్రముఖులు. ప్రభుత్వాన్ని నడపటంలో ఆయనకు లభించిన తొలి శిక్షణ అదే అనుకోవచ్చు.

మార్చి 25 రాత్రి సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. అంతకు కొద్ది గంటల ముందు తాజుద్దీన్ ముజీబ్ ఇంటికి వెళ్ళి, రహస్య స్థావరానికి తరలిరావలసిందిగా కోరారు. ముజీబ్ అంగీకరించలేదు. తన లేకుండా ఉద్యమాన్ని ఎవరు నడపాలన్న విషయమై కూడా లిఖితపూర్వక ఆదేశమేదీ ఇవ్వలేదు. తదనంతర కాలంలో తాజుద్దీన్ ఎదుర్కొన్న చిక్కులలో సగానికి మూలం ఇక్కడే ఉంది. ఆ అర్ధరాత్రి ముజీబ్ అరెస్టయ్యారు. భార్యాబిడ్డలను ఇంట్లోనే విడిచి, యువ బారిస్టర్ అమీరుల్ ఇస్లాంతో కలిసి తాజుద్దీన్ అజ్ఞాతంలోకి వెళ్ళారు.

కర్ఫ్యూ సడలించిన 27వ తేదీన ఇద్దరూ లుంగీలు కట్టుకుని, మారుపేర్లతో బూరిగంగ దాటారు. కాలినడకన, పడవలలో, దొరికిన వాహనాలలో ఫరీద్‌పూర్, మాగురా, జెనైదా మీదుగా మార్చి 30 నాటికి చువాడంగా సరిహద్దు చేరారు. అప్పటికే ఆ ప్రాంతంలోని బెంగాలీ అధికారులు తిరుగుబాటు జెండా ఎగురవేసి ఉన్నారు.

సరిహద్దు వద్ద తాజుద్దీన్ వ్యవహరించిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. శరణార్థిగా భారత భూభాగంలో అడుగుపెట్టటానికి ఆయన ఇష్టపడలేదు. స్వతంత్ర దేశ ప్రతినిధులుగా మర్యాదతో ఆహ్వానిస్తేనే వస్తామని కబురు పంపి, ఒక చిన్న కల్వర్టు మీద కూర్చున్నారు. మాసిన బట్టలు, పెరిగిన గడ్డం, చేతిలో చిల్లిగవ్వ లేదు. అయినా సరిహద్దు భద్రతా దళం వారు వచ్చి సైనిక వందనం చేసి తోడ్కొనిపోయారు. దళం తూర్పు ప్రాంత అధికారి గోలక్ మజుందార్, ఆ వెంటనే ఢిల్లీ నుంచి వచ్చిన డైరెక్టర్ జనరల్ రుస్తంజీ ఆయనను కలుసుకున్నారు. ఏప్రిల్ 3న ప్రధాని ఇందిరాగాంధీతో ఢిల్లీలో సమావేశమయ్యారు.

సాయం కోరుతున్నది ఎవరు, ఏ హోదాతో అన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. ప్రభుత్వం లేకుండా మరొక ప్రభుత్వంతో ఒప్పందం కుదరదు. సహచరులు ఎక్కడ ఉన్నదీ, అసలు ప్రాణాలతో ఉన్నదీ లేనిదీ తెలియని స్థితిలోనే ముజీబ్ అధ్యక్షుడుగా, తాను ప్రధానిగా ప్రభుత్వాన్ని ప్రకటించాలన్న నిర్ణయానికి తాజుద్దీన్ వచ్చారు. ఏప్రిల్ 10న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. 17న మెహర్‌పూర్ సరిహద్దులోని వైద్యనాథ్‌తలా గ్రామపు మామిడి తోటలో, కలకత్తా నుంచి తెల్లవారుజామున కార్లలో తీసుకువచ్చిన విలేకరుల సమక్షంలో మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేసింది. 1757లో బెంగాల్ స్వాతంత్ర్యం ప్లాసీ మామిడి తోటలోనే అంతరించిందన్న విషయాన్ని ఆనాడు చాలామంది గుర్తు చేసుకున్నారు. ఆ గ్రామానికి ముజీబ్‌నగర్ అని పేరు పెట్టినది తాజుద్దీనే. తాత్కాలిక అధ్యక్షుడుగా సయ్యద్ నజ్రుల్ ఇస్లాం, ఆర్థిక మంత్రిగా మన్సూర్ అలీ, హోంశాఖకు కమరుజ్జమాన్, విదేశాంగ శాఖకు ఖోండకర్ ముష్తాక్ అహ్మద్ నియమితులయ్యారు. ఈ ఐదుగురి పేర్లనూ పాఠకులు గుర్తుంచుకోవాలి. నాలుగేళ్ళ తరువాత ఐదవవాని ఏలుబడిలో తక్కిన నలుగురూ ఒకే గదిలో హతులయ్యారు.

థియేటర్ రోడ్ ప్రధాని

కలకత్తా, 8 థియేటర్ రోడ్‌లోని ఒక పాత భవనం ప్రవాస ప్రభుత్వ కార్యస్థానమయింది. కార్యాలయ గదికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఒక మంచం వేసుకుని ప్రధాని అక్కడే నివసించారు. భార్య, నలుగురు పిల్లలు అనేక అవస్థలు పడి మే నెలాఖరులో కలకత్తా చేరినా ఆయన వారితో కలిసి ఉండలేదు. దేశం విముక్తమయ్యేవరకు కుటుంబ జీవితం గడపబోమని మంత్రులు చేసుకున్న ప్రతిజ్ఞను అక్షరాలా పాటించినది ఆయనేనని నాటి అధికారులు పలువురు రాశారు. తన దుస్తులు తానే రాత్రిపూట ఉతికి ఆరవేసుకునేవారని కూడా వారే చెప్పారు.

కోటిమందికి సమీపించిన శరణార్థులు, పదకొండు సెక్టార్లుగా విభజించిన రణరంగం, ముక్తి వాహినికి ఆయుధాలు, శిక్షణ, రహస్య రేడియో, విదేశాలలోని బెంగాలీ దౌత్యవేత్తలను తమవైపు తిప్పుకోవటం: ఇవన్నీ ఆ భవనం నుంచే జరిగాయి. కర్నల్ ఉస్మానీ ప్రధాన సేనాధిపతి. తరువాత ఏర్పడిన మూడు ప్రత్యేక దళాలకు జియావుర్ రహ్మాన్, ఖాలెద్ ముషర్రఫ్, షఫియుల్లా నాయకులు. ఈ ముగ్గురు సేనానులూ 1975 కథలో మళ్ళీ తారసపడతారు.

శత్రువుతో యుద్ధం ఒక ఎత్తు, స్వపక్షంతో పేచీ మరొక ఎత్తు. ముజీబ్ మేనల్లుడు షేక్ ఫజ్లుల్ హక్ మణి నాయకత్వంలోని యువ నాయకులు తాజుద్దీన్‌ను ప్రధానిగా మొదటినుంచీ అంగీకరించలేదు. వారి కోసం భారత గూఢచారి సంస్థ పర్యవేక్షణలో మేజర్ జనరల్ ఉబాన్ విడిగా శిక్షణ ఇచ్చిన ముజీబ్ వాహిని, ప్రవాస ప్రభుత్వ ఆధిపత్యానికి లోబడలేదు. ఒకే యుద్ధంలో రెండు సేనలు ఉండరాదని తాజుద్దీన్ ఢిల్లీకి పలుమార్లు విజ్ఞప్తి చేసినా పూర్తి ఫలితం లేకపోయింది. భారత ప్రభుత్వం ఒక చేత్తో ప్రవాస ప్రధానిని నిలబెట్టి, మరొక చేత్తో ఆయన ప్రత్యర్థులను పెంచిందన్న విమర్శకు ఇది తావిచ్చింది. ఆ విమర్శను తోసిపుచ్చటం కష్టం.

విదేశాంగ మంత్రి ముష్తాక్ వైపు నుంచి వచ్చిన ప్రమాదం ఇంకా పెద్దది. ముజీబ్ విడుదలకు బదులుగా పాకిస్తాన్‌తో రాజీకి రావచ్చునన్న సూచనతో ఆయన మనుషులు కలకత్తాలోని అమెరికా కాన్సులేట్‌తో రహస్య సంబంధాలు పెట్టుకున్నారు. సంగతి బయటపడటంతో ముష్తాక్‌ను ఐక్యరాజ్యసమితికి పంపే ఆలోచన విరమించి, ప్రతినిధివర్గ నాయకత్వాన్ని జస్టిస్ అబూ సయీద్ చౌదరికి అప్పగించారు. విజయం తరువాత విదేశాంగ శాఖ కూడా ముష్తాక్ చేయి జారింది. ఈ పరాభవాన్ని ఆయన మరచిపోలేదనటానికి తరువాతి చరిత్రే సాక్ష్యం.

డిసెంబర్ 3న పాకిస్తాన్ విమానాలు పశ్చిమ సరిహద్దులోని భారత స్థావరాలపై దాడి చేయటంతో పూర్తిస్థాయి యుద్ధం మొదలయింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్నం తీరం చేరువలో మునిగిపోయినది ఆ రాత్రే. 6వ తేదీన భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. సుమారు 93 వేల మంది బందీలయ్యారు. ఆ లొంగుబాటు కార్యక్రమంలో ప్రవాస ప్రభుత్వ మంత్రులెవరూ లేరు. ముక్తి వాహిని తరఫున ఉప సేనాధిపతి ఖోండకర్ హాజరయ్యారు. తాజుద్దీన్ మంత్రివర్గం ఢాకాలో కాలుమోపినది డిసెంబర్ 22న.

ఖాళీ ఖజానాకు మంత్రి

1972 జనవరి 10న ముజీబ్ పాకిస్తాన్ చెర నుంచి ఢాకా తిరిగి వచ్చారు. రెండు రోజుల తరువాత తాజుద్దీన్ ప్రధాని పదవిని ఆయనకు అప్పగించి, ఆర్థిక, ప్రణాళికా శాఖలు చేపట్టారు. అధికార బదిలీ సంతోషంగానే జరిగింది. కాని ఆ తొమ్మిది నెలలు ఏమి జరిగినదీ సవివరంగా చెప్పమని ముజీబ్ తనను ఏనాడూ అడగలేదన్న బాధ ఆయనను చివరివరకు వెన్నాడినట్లు సన్నిహితులు రాశారు. ఆ కథను ముజీబ్‌కు ముందుగా చెప్పినవారు వేరే ఉన్నారు. మణి బృందం, ముష్తాక్ వర్గం ఆయన చుట్టూ చేరటానికి ఆట్టే కాలం పట్టలేదు.

ఆర్థిక మంత్రిగా ఆయనకు దక్కినది వంతెనలు కూలిపోయి, ఓడరేవులు మందుపాతరలతో మూతబడి, బ్యాంకులలో విదేశీ మారకం లేని దేశం. 1972 మార్చి 4న టాకా చలామణిలోకి వచ్చింది. తొలి నోట్లు భారత్‌లో ముద్రణ పొందాయి. మార్చి 26న బ్యాంకులు, బీమా కంపెనీలు, జనపనార, వస్త్ర, చక్కెర మిల్లులు జాతీయం అయ్యాయి. పశ్చిమ పాకిస్తాన్ యజమానులు విడిచి వెళ్ళిన మిల్లులను నడపటానికి వేరే మార్గం ఆనాడు కనిపించలేదు. అయితే అనుభవం లేని పార్టీ మనుషులు వాటి నిర్వాహకులు కావటంతో నష్టాలు పేరుకుపోయాయి. జూన్ 30న తాజుద్దీన్ సమర్పించిన తొలి బడ్జెట్ మొత్తం 786 కోట్ల టాకాలు.

విదేశీ సహాయం విషయంలో ఆయన వైఖరి మొదట కఠినంగా ఉండేది. యుద్ధ కాలంలో పాకిస్తాన్‌ను బలపరచిన దేశం వద్ద చేయి చాచటానికి మనస్కరించలేదు. 1972 ఆరంభంలో ప్రపంచబ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా ఢాకా వచ్చి ఏమి కావాలో చెప్పమన్నపుడు, దున్నే ఎడ్లు కావాలని, వాటిని కట్టివేయటానికి పలుపులు కూడా కావాలని ఆర్థిక మంత్రి ముక్తసరిగా సమాధానమిచ్చినట్లు ఒక కథ ప్రచారంలో ఉంది. యుద్ధంలో రైతుల పశువులు చెల్లాచెదురైన మాట నిజమే గనుక దానిని కేవలం ఎగతాళిగా తీసుకోనక్కరలేదు. అవిభక్త పాకిస్తాన్ చేసిన అప్పులలో వాటా భరించాలన్న ప్రపంచబ్యాంకు షరతుపై కూడా చాలాకాలం పట్టుదలగా వాదించారు. చివరకు అదే బ్యాంకు ఆధ్వర్యంలో దాతృ దేశాల కూటమి ఏర్పాటుకు ఆయన ప్రభుత్వమే అంగీకరించవలసి వచ్చింది. 1973 చమురు సంక్షోభంతో దిగుమతుల ధరలు పెరిగాయి. జనపనార ఆదాయం చాలలేదు. సరిహద్దు మీదుగా బియ్యం, జనపనార దొంగ రవాణా సాగింది. సూత్రాలకు కట్టుబడే వెసులుబాటు ఆ ఖజానాకు లేదు.

1974 వేసవి వరదల తరువాత కరవు వచ్చింది. క్యూబాకు 40 లక్షల గోనెసంచులు అమ్మినందుకు అమెరికా తన చట్టంలోని నిబంధన చూపి ఆహార ధాన్యాల నౌకలను నిలిపివేసింది. ఎగుమతి ఆపుతామని హామీ ఇచ్చి, ధాన్యం తిరిగి కదిలే సరికి శరదృతువు గడిచిపోయింది. దాదాపు 6 వేల గంజి కేంద్రాలు తెరిచారు. అధికారిక లెక్క ప్రకారం మృతులు 27 వేల వరకు ఉంటారు. పరిశోధకుల అంచనాలు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. తలసరి ఆహార లభ్యత ఆ ఏడాది ముందువెనుక సంవత్సరాలకంటె తక్కువేమీ కాదని, కూలి దొరకక, కొనే శక్తి నశించి జనం చనిపోయారని అమర్త్య సేన్ తన 1981 నాటి గ్రంథంలో నిరూపించారు. ఆర్థిక మంత్రిగా తాజుద్దీన్ ఈ బాధ్యత నుంచి పూర్తిగా తప్పుకోలేరు. ఆయనను అభిమానించే రచయితలు ఈ భాగాన్ని తొందరగా దాటిపోతుంటారు.

అక్టోబర్‌లో విదేశీ పర్యటన ముగించుకుని వచ్చిన ఆయన, దేశంలో పరిస్థితి విషమంగా ఉన్నదని, అన్ని పక్షాలనూ కలుపుకొనిపోవటం అవసరమని విమానాశ్రయంలోనే విలేకరుల ఎదుట స్పష్టం చేశారు. ప్రభుత్వానికి ఇది మింగుడు పడలేదు. అక్టోబర్ 26న ముజీబ్ కోరిక మేరకు రాజీనామా చేశారు. మరో నాలుగు రోజులకు అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ ఢాకా వచ్చారు. ఈ రెండు ఘటనలకూ సంబంధం ఉన్నదన్న ఊహాగానాలు ఆనాటి నుంచి నేటివరకు ఆగలేదు. రాజీనామా తరువాత తాజుద్దీన్ బహిరంగంగా ఒక్క విమర్శ కూడా చేయలేదు. కొత్త పార్టీ పెట్టమని వచ్చినవారిని తిప్పి పంపారు.

1975: జనవరి నుంచి నవంబర్ దాకా

1974 డిసెంబర్ 28న బంగ్లాదేశ్‌లో అత్యవసర పరిస్థితి విధించారు. 1975 జనవరి 2న తీవ్రవాద వామపక్ష నాయకుడు సిరాజ్ సిక్దర్ పోలీసు నిర్బంధంలో మరణించారు. జనవరి 25న నాలుగవ రాజ్యాంగ సవరణను పార్లమెంటు ఒక్క పూటలోనే ఆమోదించగా ముజీబ్ అధ్యక్షుడయ్యారు. ఫిబ్రవరి 24న బాక్సల్ ఏకైక రాజకీయ పక్షంగా అవతరించింది. జూన్ 16న నాలుగు మినహా దినపత్రికలన్నీ మూతబడ్డాయి. మరో పది రోజులకు మన దేశంలోనూ అత్యవసర పరిస్థితి వచ్చింది.

శాంతియుతంగా ప్రభుత్వాన్ని మార్చే దారి మూసివేస్తే ఆయుధాల దారి ఒక్కటే మిగులుతుందని, అప్పుడు ముజీబ్‌తోపాటు తాము కూడా బ్రతకబోమని తాజుద్దీన్ హెచ్చరించినట్లు ఆయన కార్యదర్శులు, కుటుంబ సభ్యులు నమోదు చేశారు. బాక్సల్ అత్యున్నత కార్యనిర్వాహక సంఘంలో ఆయనకు స్థానం లేదు. ముష్తాక్‌కు మాత్రం ఉంది.

ఆగస్టు 15 తెల్లవారుజామున సైన్యంలోని కొందరు మేజర్లు ట్యాంకులతో బయలుదేరి ధన్మండిలోని ముజీబ్ నివాసంపై దాడి చేశారు. ఆయన, భార్య, ముగ్గురు కుమారులు, ఇద్దరు కోడళ్ళు, సోదరుడు హతులయ్యారు. వేరొక ఇంటిలో షేక్ మణి కూడా ప్రాణాలు కోల్పోయారు. విదేశాలలో ఉన్నందున కుమార్తెలు హసీనా, రెహానా బయటపడ్డారు. ఆ ఉదయమే ముష్తాక్ అధ్యక్షుడయ్యారు. ముజీబ్ మంత్రులలో అధిక సంఖ్యాకులు ఆయన మంత్రివర్గంలో చేరిపోయారు. పదవి లేని తాజుద్దీన్ ఇంటిని మాత్రం సైనికులు ఉదయమే చుట్టుముట్టారు. పదవిలో లేని మనిషిని చూసి కొత్త పాలకులు ఎందుకు భయపడ్డారన్నదానికి సమాధానం 1971లోనే ఉంది. నాయకుడు లేనపుడు ప్రభుత్వాన్ని ఎలా నిర్మించాలో ఆ దేశంలో చేసి చూపించినవాడు ఆయన ఒక్కడే.

ఆగస్టు 22న ఆయనను జైలుకు తరలించారు. ఎన్నాళ్ళకు విడుదల కావచ్చునని భార్య అడుగగా, శాశ్వతంగా వెళుతున్నట్లే భావించుకొమ్మని ఆయన బదులిచ్చినట్లు కుటుంబ కథనం. నజ్రుల్ ఇస్లాం, మన్సూర్ అలీ, కమరుజ్జమాన్ కూడా అదే జైలుకు చేరారు. ఆగస్టు 24న షఫియుల్లా స్థానంలో జియావుర్ రహ్మాన్ సైన్యాధిపతి అయ్యారు. సెప్టెంబర్ 26న ముజీబ్ హంతకులపై విచారణ జరపరాదంటూ ముష్తాక్ ఆర్డినెన్స్ జారీ చేశారు.

హంతక మేజర్లు అధ్యక్ష భవనంలో తిష్ఠవేసి ఆదేశాలు జారీ చేయటం సైన్యంలోని ఇతర అధికారులకు రుచించలేదు. నవంబర్ 2 అర్ధరాత్రి దాటాక బ్రిగేడియర్ ఖాలెద్ ముషర్రఫ్ తిరుగుబాటు చేసి జియాను గృహ నిర్బంధంలో ఉంచారు. ఎదురు తిరుగుబాటు జరిగితే ఈ నలుగురు నాయకులు మళ్ళీ ప్రభుత్వం ఏర్పాటు చేయగలరని, అందుకు అవకాశం ఇవ్వరాదని మేజర్లు ముందుగానే నిశ్చయించుకున్నట్లు తరువాతి విచారణలో వెల్లడయింది.

నవంబర్ 3 తెల్లవారక ముందే రిసల్దార్ ముస్లేముద్దీన్ నాయకత్వంలో సాయుధ సైనికులు నజీముద్దీన్ రోడ్‌లోని కేంద్ర కారాగారం గేటు వద్దకు వచ్చారు. జైలు అధికారులు అభ్యంతరం చెప్పి అధ్యక్ష భవనానికి ఫోన్ చేశారు. వచ్చినవారిని లోనికి అనుమతించవలసిందిగా అక్కడి నుంచి ఆదేశం వచ్చింది. రెండు గదులలో ఉన్న నలుగురు నాయకులను ఒకే గదిలోకి చేర్చి కాల్చివేశారు. తాజుద్దీన్ వయస్సు అప్పటికి యాభై ఏళ్ళు.

ఈ హత్యల సంగతి ఆ రోజంతా బయటకు పొక్కలేదు. ఏమీ తెలియని ఖాలెద్ ముషర్రఫ్ అంతర్యుద్ధం నివారించాలన్న ఉద్దేశంతో మేజర్లు దేశం విడిచి వెళ్ళటానికి అంగీకరించారు. ఆ సాయంత్రం వారు విమానంలో బ్యాంకాక్ వెళ్ళిపోయారు. మర్నాడు నిజం తెలిసేసరికి చేయగలిగింది లేకపోయింది. 6వ తేదీన ప్రధాన న్యాయమూర్తి సాయెం అధ్యక్షుడుగా ప్రమాణం చేశారు. 7న సిపాయిలు తిరగబడి జియాను విడిపించారు. ఖాలెద్ అదే రోజున హతుడయ్యారు. ఆ తిరుగుబాటుకు వ్యూహకర్తగా నిలిచిన కర్నల్ తాహెర్‌ను జియా ప్రభుత్వం 1976 జూలై 21న ఉరితీసింది. జియా స్వయంగా 1981లో చిట్టగాంగ్‌లో సైనికాధికారుల చేతిలో మరణించారు. 1971లో మూడు దళాలు నడిపిన ముగ్గురిలో సహజ జీవితం గడిపినది షఫియుల్లా ఒక్కరే.

ఇరవై తొమ్మిదేళ్ళ కేసు

జైలు హత్యలపై నవంబర్ 4ననే లాల్‌బాగ్ పోలీసు స్టేషన్‌లో కేసు నమోదయింది. అది ఇరవై ఒక్క సంవత్సరాలు కదలలేదు. హంతకులలో పలువురికి విదేశాలలోని రాయబార కార్యాలయాలలో ఉద్యోగాలు దక్కాయి. ఈలోగా చీలికలు పేలికలైన అవామీ లీగ్‌ను 1977లో కన్వీనర్‌గా నిలబెట్టినది తాజుద్దీన్ భార్య జోహ్రాయే. ఆమె 2013లో మరణించారు.

1996 జూన్‌లో హసీనా అధికారానికి వచ్చి, నవంబర్ 12న ఆర్డినెన్స్‌ను పార్లమెంటు రద్దు చేసిన తరువాతనే దర్యాప్తు కదిలింది. అప్పటికి ముష్తాక్ లేరు. ఆ ఏడాది మార్చి 5న ఆయన మరణించారు. 2004 అక్టోబర్ 20న దిగువ న్యాయస్థానం ముగ్గురికి మరణశిక్ష, పన్నెండు మందికి యావజ్జీవ శిక్ష విధించింది. కుట్ర ఆరోపణ ఎదుర్కొన్న రాజకీయ నాయకులు నిర్దోషులుగా విడుదలయ్యారు. 2008లో హైకోర్టు మరణశిక్ష పడిన ముగ్గురిలో ఇద్దరిని నిర్దోషులుగా తేల్చగా, 2013 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి శిక్షను పునరుద్ధరించింది. ఆ తీర్పు వచ్చేనాటికి ముస్లేముద్దీన్‌తో సహా ఆ ముగ్గురూ పరారీలోనే ఉన్నారు. ముజీబ్ హత్య కేసులో మాత్రం 2010 జనవరి 28న ఐదుగురిని, 2020 ఏప్రిల్ 12న మరొకరిని ఉరితీశారు.

అవామీ లీగ్ దీర్ఘకాల పాలనలో కూడా పాఠ్యపుస్తకాలు, విగ్రహాలు, కరెన్సీ నోట్లు అన్నీ ముజీబ్ చుట్టూనే తిరిగాయి. తాజుద్దీన్‌కు దక్కినది నవంబర్ 3న జరిగే జైలు హత్యా దినం నాటి పూలగుచ్ఛాలు. 2024 ఆగస్టు 5న హసీనా ప్రభుత్వం పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో ధన్మండిలోని ముజీబ్ ఇంటిని ఆందోళనకారులు నేలమట్టం చేశారు. ఆ తరువాత ఐదు నెలలకు, జూలై 23న తాజుద్దీన్ శతజయంతి వచ్చింది. ముజీబ్ విధానాలను తెగనాడేవారు సైతం తాజుద్దీన్ పేరును గౌరవంతోనే ప్రస్తావించటం ఇప్పుడు ఢాకాలో కనిపిస్తున్న ఒక మార్పు.

ఆయన సమాధి ఢాకాలోని బనానీ శ్మశానవాటికలో, నజ్రుల్ ఇస్లాం, మన్సూర్ అలీల సమాధుల చెంత ఉంది. కమరుజ్జమాన్‌ను రాజ్‌షాహీలో ఖననం చేశారు. పాత జైలు నుంచి ఖైదీలను 2016లో కేరానీగంజ్‌కు తరలించారు. ఆఖరి రెండున్నర నెలలు జైలు గదిలో కూర్చుని తాజుద్దీన్ 1971 నాటి సంగతులను ఒక డైరీలో రాస్తూ వచ్చినట్లు కుటుంబ సభ్యులు చెబుతారు. హత్యల తరువాత అప్పగించిన వస్తువులలో అది లేదు.